మారుతిగూడలో లేని గది

పేరు పేరునా అందరినీ ఎరిగిన దేవునికి స్తోత్రం. ఎండలో టవర్ల మీద, వానలో కేబుల్ గుంతల్లో, అడవి దారుల్లో ముప్పై నాలుగేళ్లు నన్ను నిలబెట్టి ప్రతి దినమూ క్షేమంగా ఇల్లు చేర్చినవాడు ఆయనే. నేను తప్పు చేసిన నాడు నన్ను విడిచిపెట్టకుండా, చెయ్యి పట్టుకొని ఆ తప్పు దగ్గరికే నడిపించినవాడూ ఆయనే. ముందు ఆయనకు వందనం చెప్పుకోకుండా నా పని గురించి ఒక్క ముక్క కూడా రాయలేను.

ఈ మాటలు టెలికాం పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం. మా కరీంనగర్ సంఘంలోనే ముగ్గురు ఈ మధ్య ఇలాంటి ఉద్యోగాల్లో చేరారు. ఆదివారం ఆరాధన అయ్యాక నా చుట్టూ చేరి, డిజిటల్ ట్విన్ అంటే ఏంటి అంకుల్, ఇంటర్వ్యూలో అడిగారు అంటుంటారు. చర్చి మెట్ల మీద నిలబడి నేను చెప్పింది సగమే. మిగతా సగం ఇది. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో మీకు అక్కర్లేదు. నేను దేంట్లో తప్పానో తెలిస్తే మీకు పనికొస్తుంది.

రంగయ్య సారు తల

నా మొదటి పై అధికారి రంగయ్య సారు. కరీంనగర్‌లో భూమి కింద ఏ కేబుల్ ఎటు పోతుందో, ఏ మలుపు దగ్గర జాయింటు ఉందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కాగితం మీద మాత్రం ఏదీ పెట్టలేదు. అడిగితే చిరాకు పడేవారు. “నేనున్న కదా, నీకెందుకు ఫికర్” అనేవారు.

ఆయన రిటైరైన మూడు నెలలకు బస్టాండు దగ్గర కేబుల్ తెగింది. జాయింటు కోసం నాలుగు చోట్ల తవ్వాం, దొరకలేదు. చివరికి ఆటో పంపి ఆయనను ఇంటి నుంచి తీసుకొచ్చాం. లుంగీ మీదే దిగి, చుట్టూ ఒకసారి చూసి, ఒక చెప్పుల దుకాణం మెట్టు చూపించారు. సరిగ్గా దాని కిందే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం భయమేసింది. ఒక మనిషి తలలో ఉన్న ఊరు ఆ మనిషితోనే పోతే మా గతేంటి?

చాలా ఏళ్ల తర్వాత, నేను ఒక ప్రైవేటు టెలికాం కంపెనీకి మారాక, డిజిటల్ ట్విన్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చెప్పుల దుకాణమే. అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను.

కవల అంటే ఏమిటి

మా పాత జిల్లాలు రెండూ, కరీంనగర్, ఆదిలాబాద్, కలిపి మాకు కొన్ని వందల టవర్లు. ప్రతి టవరు కింద ఒక చిన్న గది, అందులో పరికరాలు, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీలు. వీటన్నిటికీ కంప్యూటర్‌లో ఒక ప్రతిరూపాన్ని తయారుచేయడమే డిజిటల్ ట్విన్. నేను దాన్ని కవల అంటాను. అసలు టవరు దగ్గర వోల్టేజి తగ్గితే కవలలో కూడా తగ్గాలి. అసలు దాన్ని ముట్టుకోకుండా, కవల మీద ముందుగా ఏదైనా చేసి చూసుకోవచ్చు.

ఆ కవలను నిర్మించడానికి ఒక మోడలింగ్ భాష ఉంటుంది. భయపడకండి, భాషంటే భాషే. అందులో నామవాచకాలుంటాయి: టవరు, గది, బ్యాటరీ, కేబుల్. క్రియలుంటాయి: ఈ గది ఈ టవరుకు చెందింది, ఈ బ్యాటరీ ఈ పరికరానికి కరెంటు ఇస్తుంది. కొన్ని కట్టుబాట్లుంటాయి: బ్యాటరీ లేని గది ఉండకూడదు, గది లేని టవరు ఉండకూడదు. మా ప్రాంతానికి ఆ కట్టుబాట్లు రాసే పని నాకు అప్పగించారు. ఎనిమిది నెలలు రాశాను. చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసినంత శ్రద్ధగా రాశాను.

నేను రాసిన వాటిలో రెండు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ప్రతి స్థలానికి ఒకే ఒక్క పేరు ఉండాలి. రెండు, ఏదైనా గదిలో సెన్సర్ లేకపోతే చుట్టుపక్కల గదుల రీడింగుల నుంచి అంచనా కట్టి ఒక విలువ చూపించాలి. తెర మీద ఎక్కడా ఖాళీ కనిపించకూడదని మా పైవాళ్ల పట్టుదల. ఆ రోజు రెండూ నాకు తెలివైన ఏర్పాట్లుగానే తోచాయి.

వేములవాడ

కవల వల్ల మేలు జరగలేదని నేను అనను. వేములవాడలో శివరాత్రికి జనం లక్షల్లో వస్తారు. ప్రతి ఏడూ ఫోన్లు చచ్చిపోయేవి. ఆ ఏడు ముందుగానే కవల మీద ఆ రద్దీని పెట్టి చూశాం. తాత్కాలిక టవరు బండిని ఎప్పుడూ నిలిపే చోట నిలిపితే లాభం లేదని, చెరువు వైపు జరపాలని తేలింది. జరిపాం.

నా విశ్వాసం వేరు, అక్కడ మొక్కులు చెల్లించేవాళ్లది వేరు. కానీ ఆ పొద్దున బండి పక్కన నిలబడి ఉండగా, కోడెను పట్టుకొని వరుసలో ఉన్న ఒక అవ్వ దుబాయిలో ఉన్న కొడుకుకు వీడియో కాల్ చేసి మాట్లాడుతుంటే విన్నాను. “మంచిగ కనవడుతున్నవా? నువ్వు మొక్కిన కోడె గిదే బిడ్డ, చూడు.” బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవుడు నా చేతులతో ఇంత పని చేయించాడు కదా అనుకున్నాను.

ఆ సంతోషం వెనకాలే గర్వం వచ్చింది. ఆనాటి నుంచి తెర మీద కనిపించేదాన్ని నేను ప్రశ్నించడం మానేశాను.

లింబారావు

ఇచ్చోడ దాటి లోపలికి పోతే వచ్చే ఎనిమిది టవర్లను లింబారావు అనే టెక్నీషియన్ చూసేవాడు. గోండు మనిషి, నలభై దాటిన వయసు, కాంట్రాక్టు ఉద్యోగి. భార్య, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు. వాగు పొంగితే డీజిల్ డబ్బా తలమీద పెట్టుకొని దాటిన మనిషి. చుట్టుపక్కల గూడేల్లో అందరూ అతన్ని టవర్ లింబ అని పిలిచేవారు.

ఒక వానాకాలం పాత బ్యాటరీలన్నీ మార్చి, తీసినవాటిని కరీంనగర్ స్టోరుకు పంపమని ఆర్డరు వచ్చింది. లింబారావు పంపాడు. కవల సరిచూసి ఒక సెట్టు తక్కువని చెప్పింది. అతను చూసే టవర్లలో జంగుగూడ బ్యాటరీలు వచ్చాయి, మారుతిగూడవి రాలేదు. సెట్టు అంటే ఇరవై నాలుగు సెల్లులు. ఒక్కటి ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. పొరపాటున పోయేవి కావు.

నేను ఫోన్ చేశాను. మారుతిగూడ సెట్టు ఏదని అడిగాను.

“గది ఒక్కటే సార్. బ్యాటరీలు ఒక్కటే సెట్టు. అవే పంపిన.”

“జంగుగూడవి వచ్చినయ్ లింబారావు. నేను మారుతిగూడ సంగతి అడుగుతున్న.”

“అదే ఇది సార్. రెండు ఒక్కటే.”

నా ముందు తెర మీద మారుతిగూడ గది పచ్చగా వెలుగుతోంది. వోల్టేజి కూడా కనిపిస్తోంది. జంగుగూడకు కిలోమీటరున్నర దూరంలో, వాగుకు అవతల. లేని గదికి వోల్టేజి ఎలా వస్తుంది? మనిషి తడబడుతున్నాడు అనుకున్నాను. రిపోర్టులో “అడిగినదానికి సంతృప్తికరమైన జవాబు ఇవ్వలేదు” అని రాసి సంతకం పెట్టాను. అతను చెప్పింది పూర్తి నిజం. ఆ నిజాన్నే నేను అలా రాశాను.

నా సంతకం చూసి కంపెనీ ఇద్దరు తనిఖీవాళ్లను పంపింది. వాగు పొంగి ఉండడంతో వాళ్లు తెర చూపించిన చోటికి పోలేకపోయారు. జంగుగూడలో ఆగి మారుతిగూడ ఎక్కడని అడిగితే, గూడెంవాళ్లు ఇదేనని చెప్పారు. ఊరంతా ఒక్కటై దొంగను దాస్తోందని తనిఖీవాళ్లు రాసుకున్నారు. తర్వాత లింబారావు ఇంట్లోకి పోయి, గూడెం మొత్తం చూస్తుండగా పెట్టెలు తెరిచి వెతికారు. ఏమీ దొరకలేదు. అయినా వారంలో అతన్ని పని నుంచి తీసేశారు. పోలీసు ఫిర్యాదు కాగితం సిద్ధం చేసి, నెలాఖరులోగా బ్యాటరీలు తెచ్చివ్వకపోతే స్టేషన్‌కు పంపుతామన్నారు.

బల్ల ముందు

రెండు రోజులకు లింబారావు బస్సెక్కి కరీంనగర్ ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. బతిమాలుతాడేమో అనుకున్నాను. బతిమాలలేదు.

“మీరు ఆ గది ఎప్పుడన్న కండ్లతోని చూసిండ్రా సార్?” అని అడిగాడు.

నేను తెరను అతని వైపు తిప్పాను. అతను తెర చూడలేదు, నన్నే చూశాడు.

“నేను అది అడుగుతలేను. మీరు రాండ్రి. ఆ గది నాకు చూపెట్టుండ్రి. చూపెడితే నా అంతట నేనే పోయి స్టేషన్ల కూసుంట.”

వాన తగ్గాక చూద్దామని పంపించేశాను.

ఆ ఆదివారం మా సంఘంలో ప్రభు బల్ల, అందరం రొట్టె పంచుకునే ఆరాధన. రొట్టె తీసుకునే ముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలని చిన్నతనం నుంచి నేర్చుకున్నవాణ్ణి. ముప్పై ఏళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు ఆజ్ఞలు నేర్పిస్తున్నవాణ్ణి. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ వాళ్లతో ఎన్నిసార్లు చెప్పించానో లెక్కలేదు. పళ్లెం నా ముందుకు వచ్చింది. చెయ్యి లేవలేదు. పళ్లెం దాటిపోయింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగింది. “రొట్టె ఎందుకు తీసుకోలే?”

మొత్తం చెప్పాను. ఆమె గరిటె పక్కన పెట్టి, “చూడకుండనే చూసినట్టు రాసిండ్రా?” అంది.

మరుసటి రోజే సెలవు పెట్టి, లింబారావుకు ఫోన్ చేసి, ఇచ్చోడ బస్సెక్కాను.

వాగు అవతల

ఇచ్చోడలో లింబారావు తన బండితో ఎదురుచూస్తున్నాడు. వాగులో నీళ్లు మోకాళ్ల దాకా తగ్గాయి. బండి ఇవతల పెట్టి నడిచి దాటాం. నా ఫోన్‌లోని చుక్క చూపించిన చోటికి పోతే అక్కడ పత్తి చేను. చేనులో ఒక ఆడమనిషి కలుపు తీస్తోంది. ఇక్కడ టవరు గది ఏదమ్మా అని అడిగాను. ఆమె నన్ను, నా బూట్లను చూసి నవ్వింది.

“గది ఏడిది సార్? మేం పుట్టినకాడి నుంచి ఇది చేనే. టవర్ కావాల్నంటే గూడెంలకు పోవాలె. పక్కన టవర్ లింబనే ఉండె గద, ఆయననే అడుగకపోయినవా?”

లింబారావు వేరే వైపు చూశాడు.

మళ్లీ వాగు దాటి ఇవతలి గూడెంలోకి వచ్చాం. గూడెం పెద్ద జంగు పటేల్ తన ఇంటి ముందు మంచం వేయించి, మంచినీళ్లు ఇప్పించాడు. అప్పుడు నాకు తెలిసింది. అక్కడ గూడేన్ని పటేల్ పేరుతో పిలవడం రివాజు. ముందటి పటేల్ మారుతి. టవరు వేసిన నాటి జాబితాలో ఆ పేరే ఎక్కింది. ఎవరో ఆఫీసులో కూర్చొని మండలం మ్యాపు మీద ఉజ్జాయింపుగా చుక్క పెట్టారు, అది పత్తి చేనులో పడింది. మారుతి పోయాక జంగు పటేల్ అయ్యాడు. తర్వాత ఫోన్‌తో సర్వే చేసినవాళ్లు కొత్త పేరు, సరైన చుక్క రాసుకున్నారు. నేను ఆ రెండు జాబితాలనూ కవలలో పోశాను. ఒక స్థలానికి ఒకే పేరు అని నేనే కట్టుబాటు పెట్టాను గనుక, రెండు పేర్లుంటే రెండు స్థలాలే అని అది తేల్చింది. బ్యాటరీ లేని గది ఉండకూడదన్నాను గనుక లేని గదికి బ్యాటరీలు ఇచ్చింది. సెన్సర్ లేకపోతే అంచనా కట్టమన్నాను గనుక వోల్టేజీ చూపించింది. అది నేను చెప్పినట్టే నడుచుకుంది.

“పటేల్ మారిండు సార్, గూడెం ఏడికి పోతది?” అన్నాడు జంగు పటేల్. “మా ముసలోళ్లు ఇప్పటికీ మారుతిగూడనే అంటరు. మీ తనిఖోళ్లకు బరాబర్ చెప్పినం. ఇనలే.”

రెండో రిపోర్టు

కరీంనగర్ వచ్చి మా మేనేజరుకు చెప్పాను. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. చెడ్డవాడు కాదు. పై వారం హైదరాబాద్‌లో పెద్దల ముందు మా కవలను చూపించాల్సి ఉంది, ఆ భారమంతా అతని మీదే.

“మోడల్‌ల సరిచేయుండ్రి సార్, అయిపాయె. మళ్ల రిపోర్ట్ ఎందుకు? ఆయనకు ఇంకో కాంట్రాక్టర్ దగ్గర పని ఇప్పిద్దాం” అన్నాడు.

పని దొరుకుతుంది, దొంగ అన్న పేరు అలాగే ఉంటుంది కదా అన్నాను. మీ పేరు పోతది సార్, రిటైర్మెంట్ ముందర అన్నాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు. ఆ రోజే రెండో రిపోర్టు రాశాను. గది లేదని, బ్యాటరీలు పోలేదని, లింబారావు మొదటి రోజే నిజం చెప్పాడని, తప్పు నాదని రాశాను. మేనేజరు దాన్ని మూడు రోజులు బల్ల మీదే పెట్టుకొని, చివరికి పైకి పంపాడు. హైదరాబాద్‌లో అతనికి మాటలు పడ్డాయని తర్వాత తెలిసింది. నాతో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఆ మంచితనాన్ని నేను మరిచిపోను.

కవలలో మూడు మార్పులు చేశాను. ఒక స్థలానికి ఎన్ని పేర్లయినా ఉండవచ్చు. ప్రతి గది పక్కన దాన్ని కళ్లతో చూసిన మనిషి పేరు, చూసిన రోజు ఉండాలి. అంచనా విలువలు వేరే రంగులో కనిపించాలి. మా ప్రాంతంలో మూడో వంతు తెర ఆ రంగులోకి మారిపోయింది. పైవాళ్లకు అది నచ్చలేదు. మీరు ఎక్కడ చేరినా ఆ రంగు కోసం పట్టుబట్టండి. తెలియనిదాన్ని తెలిసినట్టు చూపించే తెర ఎవరో ఒకరి మీద సాక్ష్యం చెబుతూనే ఉంటుంది. టెక్నీషియన్ చెప్పిన మాటను అతను చెప్పినట్టుగానే రాసుకోండి. అది మీకు అర్థం కాకపోతే, అర్థం కాలేదని రాయండి.

గూడెం ముందు

లింబారావును మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఫిర్యాదు కాగితం చింపేశారు. నేను ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

“మీరు ఫోన్‌ల చెప్తుండ్రు సార్. మా ఇల్లు దేవులాడింది గూడెం ముందట. ఆడికొచ్చి చెప్పుండ్రి” అన్నాడు.

మా సంఘంలో ఎవరైనా బహిరంగంగా తప్పు చేస్తే అందరి ముందు నిలబడి ఒప్పుకోవాలి. అలా నిలబడినవాళ్లను నేను ముందు వరుసలో కూర్చొని చూసినవాణ్ణి. నిలబడడం ఎంత బరువో అప్పటిదాకా తెలియదు.

దసరా ముందు ఒక పొద్దున పోయాను. జంగు పటేల్ అందరినీ పిలిపించాడు. ఒక యాభై మంది ఉంటారు. లింబారావు, భార్య, ఇద్దరు బిడ్డలు ఒక పక్కన. నేను నిలబడి, ఈ మనిషి ఒక్క సెల్లు కూడా తీయలేదని, నేను చూడకుండానే చూసినట్టు రాసి సంతకం పెట్టానని, ఆ సంతకం వల్లే ఆయన ఇల్లు వెతికారని చెప్పాను. ఆయన పిల్లల వైపు తిరిగి, మీ బాపు మొదటి రోజే నిజం చెప్పిండు అన్నాను.

లింబారావు భార్య ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు.

“మా పెట్టెల బట్టలు వాకిట్ల పారేసిండ్రు సార్. నా బిడ్డలు ఒక్కొక్కటి ఏరుకొచ్చిండ్రు. ఊరంత చూస్తుండంగ మడతబెట్టిన. మీరు చెప్పింది ఇన్న. గని అది నా కండ్ల ముందట్నించి పోతలేదు.”

తల వంచుకొని నిలబడ్డాను. జంగు పటేల్ లింబారావును అడిగాడు. “ఏమంటవ్ లింబ? సారు మాట చాలునా నీకు?”

లింబారావు ముందు భార్య వైపు చూశాడు.

“మాట బరాబర్ ఉన్నది పటేల్. గని జర దినాలు పడ్తది.”

టీ ఇచ్చారు, తాగాను. లింబారావు నన్ను తన బండి మీద తీసుకెళ్లి, ఇచ్చోడలో బస్సు ఎక్కించాడు. ఆ తర్వాత ఏడాదికి నేను రిటైరయ్యాను. పని సంగతులు అడగడానికి అప్పుడప్పుడు అతను ఫోన్ చేస్తాడు. ఇంటి సంగతులు మాత్రం చెప్పడు. అతనన్న దినాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయని నాకు అప్పుడు అర్థమవుతుంది.

అందుకే ఇంతవరకు చదివిన మిమ్మల్ని ఒక్కటి అడుగుతున్నాను. మీరు ఏ పనిలో ఉన్నా, ఒక్క నిమిషం చేతిలోని ఫోన్ పక్కన పెట్టి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, వాకిట్లో బట్టలు ఏరుకున్న ఆ ఇద్దరు బిడ్డల మనసుల్లోంచి ఆ దినాన్ని తీసివేయి. ఆ తల్లి కళ్లకు నెమ్మది ఇవ్వు. మనుషుల మీద సంతకాలు పెట్టే మా చేతులను, పెట్టక ముందే నువ్వు పట్టుకో. ఆమేన్ అని మీరు కూడా అనండి.